బెంగను నాటకం అనకండి

విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో మా పక్కింటి పాప మూడో తరగతి చదువుతోంది. మబ్బు పడితే చాలు, స్టూలు లాక్కుని ఎక్కి బడి సంచీని అటక మీదకు తోయడానికి ప్రయత్నిస్తుంది. చేయి అందకపోతే ఎవరో ఒకరు పెట్టేదాకా ఊరుకోదు. తెల్లారేసరికి వాన వెలవకపోతే కడుపునొప్పి అంటుంది. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్, పాయకాపురం మునిగినప్పుడు ఆ పిల్ల పుస్తకాలన్నీ నానిపోయాయి. డ్రోన్లు తెచ్చే ఆహార పొట్లాల కోసం డాబా మీద నిలబడి ఆకాశం చూసిన పిల్లల్లో తనూ ఉంది.

మన నానమ్మలైతే ఒక్క మాటలో తేల్చేవారు: పిల్ల బెంగ పెట్టుకుంది. బెంగ పడితే అన్నం సయించదనీ, ఒళ్లు కాలుతుందనీ వారికి తెలుసు. ఇంత చక్కటి మాట చేతిలో పెట్టుకుని, మనం ఇప్పుడు ‘బడి ఎగ్గొట్టడానికి నాటకాలు’ అంటున్నాం. ఆ నొప్పి అబద్ధం కాదు. భయం వేసినప్పుడు అడ్రినలిన్ అనే హార్మోన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, రక్తం పొట్ట నుంచి కండరాలకు మళ్లుతుంది, కడుపులో తిప్పుతుంది. ఎనిమిదేళ్ల పిల్లకు తన ఆందోళనకు పేరు పెట్టడం రాదు. నొప్పి ఎక్కడుందో చూపించడం మాత్రం వచ్చు.

కసరడం తప్పని చాలామంది ఒప్పుకుంటారు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది ప్రేమతో చేసే తప్పు. ‘సరేలే, ఇవాళ్టికి మానెయ్యి’ అనగానే పిల్ల ముఖం తేటపడుతుంది, అరగంటలో కడుపునొప్పి పోతుంది. ఆ ఉపశమనమే భయానికి మేత. బడికి వెళ్లకపోవడం వల్లే గండం గడిచిందని మనసు లెక్క వేసుకుంటుంది, మరుసటి వానకు భయం ఇంకాస్త బలపడుతుంది.

మేరీ కవర్ జోన్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1924లోనే దీనికి దారి చూపించారు. కుందేలంటే హడలిపోయే మూడేళ్ల లోపు పిల్లవాడికి ఇష్టమైన తినుబండారం పెడుతూ, కుందేలును రోజురోజుకూ కాస్త దగ్గరగా తెచ్చారు. చివరికి వాడు దాన్ని చేత్తో నిమిరాడు. పిల్లల భయాలకు నేటి చికిత్సలో ఇప్పటికీ ఆ మెట్ల పద్ధతే కీలకం. మా పాపకు వాళ్లమ్మ చేసిందీ ఇంచుమించు అదే. మొదట వాన లేని రోజున బుడమేరు వంతెన దాకా నడిపించింది. తర్వాత తుంపర పడుతుండగా గొడుగు వేసుకుని ఇద్దరూ డాబా మీద నిలబడ్డారు. ఆ పైన వానలో బడి గేటు దాకా వెళ్లి, ఒక్క పీరియడ్ కూర్చుని రావడం.

మధ్యలో ఒక సంగతి తేలింది. ‘ఏమీ కాదులే’ అన్న మాటను పాప నమ్మలేదు. ఎందుకు నమ్మాలి? వరద వచ్చిన ఆ ఆదివారం కూడా పెద్దవాళ్లు అదే మాట అన్నారు, నీళ్లు నడుము దాకా వచ్చాయి. అందుకే తల్లి మాట మార్చింది: ‘నీళ్లు వస్తే ఏం చేద్దాం?’ పుస్తకాలకు ప్లాస్టిక్ సంచీ, గోడ మీద పెద్దమ్మ ఫోను నంబరు, పైకి వెళ్లే మెట్ల తాళం ఎక్కడుందో పాపకు తెలియడం. ఉత్త భరోసా చేయలేని పని ఈ మూడూ చేశాయి. ఊపిరి సాధన కూడా ఉంది, వేడి పాలు ఊదినట్టు నెమ్మదిగా గాలి వదలడం. పీల్చినదానికంటే వదిలేది నిదానంగా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. కానీ దాన్ని పిల్ల ఏడుస్తున్నప్పుడు కాదు, నవ్వుతున్నప్పుడు నేర్పాలి.

కష్టాలు పడితే పిల్లలు రాటుదేలతారనే మాటతో నాకు పేచీ ఉంది. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, ఇంటి గొడవల మధ్య పెరిగిన వారిలో దాదాపు మూడోవంతు మంది నిబ్బరంగా ఎదిగారు. వారికి అండగా కనీసం ఒక పెద్దమనిషి ఉన్నారని తేలింది. అమ్మో, తాతో, టీచరో.

ఆ టీచరు గురించే నా గట్టి ఫిర్యాదు. కార్పొరేట్ కళాశాలలకు పేరుపడ్డ ఈ నగరంలో ‘ఫౌండేషన్’ (పోటీ పరీక్షలకు ముందస్తు శిక్షణ) అనే మాట ప్రాథమిక తరగతుల దాకా దిగివచ్చింది. పిల్లలను మానసికంగా వేధించడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. అయినా మార్కులు గట్టిగా చదివి తక్కువ వచ్చినవారిని నిలబెట్టే తరగతి గదులు ఉన్నాయి. 2024 డిసెంబర్ 7న ప్రభుత్వ బడుల్లో తల్లిదండ్రులతో మెగా సమావేశాలు జరిగాయి. అలాంటి చోట ‘మా పిల్ల దేనికి భయపడుతోంది?’ అని తల్లులూ టీచర్లూ ఒకరినొకరు అడగాలి. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా పిల్లల వైద్యుణ్ని కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

మొన్నటి వానకు పాప సంచీ మళ్లీ అటక ఎక్కింది. ఎనిమిదింటికి తనే దింపమని అడిగింది. ఆ రోజు బడిలో టీచరు పాపను కిటికీ పక్కన కూర్చోబెట్టారు, వీధిలో నీళ్లు నిలుస్తున్నాయేమో తనకు కనిపించేలా.