కారం బాధ చెప్పుకోవడం నామోషీ కాకూడదు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళకు కారం అంటే ఎంత ప్రాణమో కొత్తగా చెప్పనక్కరలేదు. నాకూ అంతే ప్రాణం. ఎర్రకారం పూసి, పైన పుట్నాల పొడి చల్లి, నెయ్యి వేసి ఎర్రగా కాల్చిన దోసెను మించిన ఫలహారం ఉందంటే నేను ఒప్పుకోను. అయితే ఆ ఇష్టం వెంట రోజూ వచ్చే ఇబ్బందుల గురించి మాత్రం మన ఇళ్ళల్లో ఎవరూ నోరు విప్పరు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా "అబ్బే, ఇదేం కారం" అనడం మన దగ్గర ఒక గొప్పగా, మగవాళ్ళలో అయితే ఏకంగా మగతనానికి గుర్తుగా స్థిరపడిపోయింది. ఈ దాచుకోవడం వల్ల మనకూ, మనతో కలిసి తినేవాళ్ళకూ చాలా నష్టం జరుగుతోందని నా గట్టి నమ్మకం.

మిరపకాయకు ఘాటునిచ్చే క్యాప్సైసిన్ అనే పదార్థం నాలుకకు ఇచ్చేది రుచి కాదు, నొప్పి. దాదాపు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలినప్పుడు మేలుకొని మెదడుకు కబురు పంపే గ్రాహకాన్నే అది కూడా తట్టి లేపుతుంది. ఆ గ్రాహకాన్ని 1997లో శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది. ఆయనకు 2021లో ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. నిజంగా కాలకపోయినా కాలిందనే శరీరం నమ్ముతుంది కాబట్టే చెమట పడుతుంది, ముక్కు కారుతుంది. అసలే రోహిణి కార్తె ఎండ, ఆపైన కరెంటు లేని ఒంగోలు మధ్యాహ్నంలో పండుమిరపకాయ పచ్చడి కలుపుకొని తిన్నవాళ్ళకు ఆ చెమట ఎలాంటిదో తెలుసు. అవే గ్రాహకాలు జీర్ణనాళం చివరిదాకా ఉంటాయి గనుక రాత్రి తిన్నదాని మంట మరునాడు ఉదయం మళ్ళీ పలకరిస్తుంది. మొలలు ఉన్నవాళ్ళ అవస్థ వాళ్ళకే తెలియాలి, వాళ్ళు మాత్రం చెప్పరు.

మంటకు చెంబెడు నీళ్ళు తాగడం వృథా. క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు. పాలలో, పెరుగులో ఉండే కేసిన్ అనే ప్రోటీన్ దాన్ని పట్టుకొని నాలుక మీద నుంచి తీసుకుపోతుంది.

మందుల షాపు సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. పరగడుపున ఒక గ్యాస్ మాత్ర వేసుకొని, ఆ ధైర్యంతో ఎప్పటిలాగే తినేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి: కడుపులో పుండ్లకు మిరపకాయను నిందించడం సరికాదు, వాటికి ప్రధాన కారణాలు హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా, నొప్పి మాత్రలను విచ్చలవిడిగా వాడటం. కానీ ఛాతీలోకి పులితేన్పులు ఎగదన్నే జబ్బు ఉన్నవాళ్ళలో చాలామందికి కారం ఆ మంటను పెంచుతుంది. "కారం తగ్గించమంటారు" అనే ఒక్క భయంతో డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా నెలల తరబడి మాత్రలతో నెట్టుకొచ్చేవాళ్ళను చూస్తే నాకు కోపం కన్నా దిగులే ఎక్కువగా కలుగుతుంది. లోపల నిజంగా పుండే ఉంటే, అది ఈ మాత్రల చాటున దాగిపోదా?

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది రుచి పోవడం. రోజూ కారం తినేవాళ్ళలో ఆ గ్రాహకాలు క్రమంగా మొద్దుబారతాయి, నిన్నటి మోతాదు నేడు చాలదు, చెంచా మీద ఇంకో చెంచా పడుతుంది. నెల్లూరు చేపల పులుసునే తీసుకోండి. చింతపండు పులుపు వేరు, అందులో ఉడికిన పచ్చిమామిడి ముక్క పులుపు వేరు. రెండూ విడివిడిగా నాలుకకు తెలియాలి. చివర్లో చల్లిన మెంతిపొడి చేదు లీలగా తగలాలి. బొమ్మిడాయ ముక్కకు రాత్రంతా పులుసు పట్టి, మరునాటి పొద్దున ఆ మెత్తదనం, చేపకు సహజంగా ఉండే తీపి బయటపడాలి. మట్టి దాకలో అంత ఓపికగా చేసిన పులుసును నాలుక తిమ్మిరెక్కేంత కారంతో నింపితే, అది కొర్రమీనైనా వంకాయైనా తేడా ఏముంది? మన జిల్లా పేరు నిలబెట్టిన వంటను మన కారమే మింగేస్తోందని నేను నిజంగా బాధపడుతున్నాను.

ఇక ఈ ఇష్టం బరువు మోసేది ఎక్కువగా ఆడవాళ్ళు. ఏడాదికి సరిపడా కారం పట్టించే రోజుల్లో మా వదిన ఘాటెక్కువ ఉండే తేజ రకం ఎండుమిరపకాయల ముందు కూర్చొని పొద్దుటినుంచి తొడిమలు తీస్తుంది. సాయంత్రానికి గోళ్ళ సందుల్లో మంట మొదలవుతుంది. సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా పోదు, కొబ్బరినూనె రాసి తుడిస్తే కొంత దిగుతుంది. ఆ చేతులు ఎక్కడ పసివాడి కళ్ళకు తగులుతాయోనని, వాడు ఏడుస్తున్నా ఎత్తుకోవడానికి భయపడుతుంది. అంతా అయ్యాక రాత్రి భోజనాల దగ్గర "ఏందమ్మా, కూర ఇంత చప్పగా ఉంది?" అని ఒక పెద్దాయన అడుగుతాడు. ఆ మాటకు ఆమె తలవంచుకోవడం నాకు ఏమాత్రం నచ్చదు.

పిల్లల విషయంలోనూ ఇంతే. కూర ముక్కను గ్లాసులో ముంచి కడుక్కొని తింటున్న పిల్లవాణ్ణి చూసి నవ్వేవాళ్ళున్నారు. వాడికి నొప్పి పుడుతోంది, దాన్ని తగ్గించుకునే దారి వాడు వెతుక్కున్నాడు. అందులో నవ్వవలసిందేమీ లేదు.

"కారం మన రక్తంలోనే ఉంది" అనే వాదన కూడా నిలవదు. మిరపకాయ పుట్టిల్లు అమెరికా ఖండం. పోర్చుగీసు వర్తకులు దాన్ని మన దేశానికి తెచ్చారు. నెల్లూరును మనుమసిద్ధి ఏలిన 13వ శతాబ్దంలో గానీ, ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా పాలించిన 14వ శతాబ్దంలో గానీ ఇక్కడి వంటల్లో మిరపకాయ లేదు. మిరియాలతో, పిప్పళ్ళతోనే ఘాటు తెచ్చుకున్నారు. తరతరాలుగా మన వాళ్ళు దాన్ని కోరి తెచ్చి పెట్టుకున్నారు కనుక ఎంత వాడాలో తేల్చుకునే హక్కు కూడా మనదే.

కారం మానేయమని నేను అనడం లేదు, నేను మాననూ మానను. కూరలో అందరూ తినగలిగినంత వేసి, ఎర్రకారమో ఉల్లికారమో గిన్నెలో పక్కన పెడితే కావలసినవాళ్ళు కావలసినంత కలుపుకుంటారు. హోటల్లో "కారం తగ్గించి వేయన్నా" అని ఎవరైనా అడిగితే పక్క బల్ల వాళ్ళు తిరిగి చూడకుండా ఉంటే చాలు. కడుపులో మంట రెండు వారాలు దాటితే, ఏం తింటున్నామో దాచకుండా డాక్టరుకు చెప్పండి.