తువ్వాలు కాదు, జంపఖానా

హామ్ రేడియోలో, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్ళ లోకంలో, ఒక వర్గానికి తీరని అన్యాయం జరుగుతోంది. గొప్ప గొంతు ఉన్నవాళ్ళకీ, ఉందని నమ్మేవాళ్ళకీ బ్యాండ్ మీద, అంటే హామ్‌లకి కేటాయించిన ఫ్రీక్వెన్సీల మేర, తగినంత జాగా లేదు. న్యూజెర్సీలో ఇల్లు కొనుక్కుని, బేస్‌మెంట్‌లో రేడియో పెట్టుకున్న తెలుగువాడిగా వాళ్ళ తరఫున నాలుగు మాటలు మాట్లాడదామని కూర్చున్నాను.

ముందు వాళ్ళ బాధేమిటో చూడండి. మామూలు హామ్ ఎస్ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్) పద్ధతిలో మాట్లాడతాడు. అంటే మాటని మోసే క్యారియర్ తరంగాన్నీ, దానికి రెండు పక్కలా ఒకే మాటతో ఉండే సైడ్‌బ్యాండ్‌లలో ఒకదాన్నీ తీసేసి మిగిలిన ముక్కనే పంపుతాడు. దానికి 2.4 నుంచి 2.8 కిలోహెర్ట్జ్ వెడల్పు చాలు. పేరు, ఊరు, కాల్‌సైన్ (స్టేషన్‌కి ఇచ్చిన గుర్తు) అన్నీ అర్థమవుతాయి. గొంతులోని ఠీవి ఒక్కటే అవతలికి చేరదు. ఎంతటి మొనగాడైనా ఎస్టీడీ బూత్‌లోంచి మాట్లాడుతున్న మేనమామలా వినిపిస్తాడు. ఆత్మగౌరవం ఉన్న మనిషి భరించే విషయమేనా ఇది?

కాదని అమెరికాలో కొందరు పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. వాళ్ళది ఎక్స్‌టెండెడ్ ఎస్ఎస్‌బీ. 4 కిలోహెర్ట్జ్‌తో మొదలై 6 దాకా పోతుంది, మూడ్ బాగుంటే ఇంకాస్త. స్టూడియో మైకు, ప్రీయాంప్, ఈక్వలైజర్, కంప్రెసర్... పెళ్ళిళ్ళకి సౌండ్ పెట్టేవాడి సరంజామా అంతా ఆ బల్ల మీదే ఉంటుంది. ఇక్కడో చిన్న సాంకేతిక రహస్యం. గొంతుకి బరువునిచ్చే బేస్ 300 హెర్ట్జ్ కింద ఉంటుంది, దాన్ని పంపడానికి పెద్దగా జాగా పట్టదు. జాగా అంతా తినేది పైన ఉండే తళుకు, అంటే ‘స’, ‘ష’ల్లో వచ్చే గాలి. కాబట్టి పక్క స్టేషన్ మీద పడుతున్నది ఆయన మాట అనుకుంటే పొరపాటు. అది ఆయన బుస.

స్క్రీన్ మీద వాటర్‌ఫాల్, అంటే సిగ్నల్స్‌ని వాటి వెడల్పుతో చూపిస్తూ జారే బొమ్మ, పెట్టుకుని చూస్తే ఈ వైభవం కళ్ళకి కడుతుంది. మోర్స్ సిగ్నల్ దారప్పోగులా సన్నగా జారుతుంది. కంప్యూటర్‌తో పొట్టి సందేశాలు పంపుకునే ఎఫ్‌టీ8 వాళ్ళు ఒక్కొక్కరు 50 హెర్ట్జ్‌లో ఒదిగి చీమలబారులా పోతుంటారు. మామూలు ఎస్ఎస్‌బీ అయితే, ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీదకి విసిరిన తువ్వాలంత. మన పెద్దలది జంపఖానా. అంత జంపఖానా పరిచి దాని మీద ఒక్కరే కూర్చుంటారు.

గిట్టనివాళ్ళు లెక్కలు తీస్తారు. 20 మీటర్ల బ్యాండ్‌లో నాలాంటి జనరల్ లైసెన్సువాడు మాట్లాడుకోవడానికి ఇక్కడ ఇచ్చింది 14.225 నుంచి 14.350 మెగాహెర్ట్జ్ దాకా, అంటే 125 కిలోహెర్ట్జ్. మూడేసి చొప్పున సర్దుకుంటే 41 సంభాషణలు పడతాయి, ఆరేసి అయితే 20. నిజమే. కానీ ఆ పోయిన 21 సంభాషణల్లో పనికొచ్చే మాట ఒక్కటైనా ఉండేదని గ్యారంటీ ఏముంది?

రూలు కూడా పెద్దల చేతిలో బాగానే వంగుతుంది. పంపే సమాచారానికీ, పద్ధతికీ అవసరమైనదానికన్నా ఎక్కువ బ్యాండ్‌విడ్త్ వాడొద్దనీ, మంచి అమెచ్యూర్ పద్ధతిని పాటించమనీ అమెరికా రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ అంటుంది. 20 మీటర్ల మీద మాటకి ఇన్ని హెర్ట్జ్ అని అంకె మాత్రం వేయలేదు. ఎస్ఎస్‌బీకి 2.8, క్యారియర్‌నీ రెండు సైడ్‌బ్యాండ్‌లనీ కలిపి పంపే పాత పద్ధతి ఏఎంకి 5.6 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీయమని 2003లో పిటిషన్ పడితే, 2004లో దాన్ని కొట్టేసింది. దాంతో బండి మొత్తం ‘అవసరం’ అనే మాట మీద నడుస్తోంది. అవసరం అంటే ఎంతో, మన పెళ్ళి భోజనాల మెనూ చూసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఏఎం వాళ్ళని ఇందులో కలపకండి. జాగా వాళ్ళకీ రెండింతలు కావాలి. పైగా నూరు శాతం మాడ్యులేషన్‌లో, అంటే మాటని పూర్తి జోరుతో ఎక్కించినప్పుడు కూడా, మూడింట రెండొంతుల పవర్ క్యారియర్‌కే పోతుంది, దాంట్లో మాటే ఉండదు. పెళ్ళికూతురికన్నా పల్లకీ బరువన్నమాట. అయినా ఆ పాతకాలపు మనుషులు 3.885 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల తమ అరుగేదో తాము చూసుకుని, వాల్వుల వేడికి చలి కాచుకుంటూ కూర్చుంటారు. వాళ్ళంటే నాకు అభిమానం. అందుకే ఈ వ్యాసంలో వాళ్ళకి చోటివ్వడం లేదు.

ఇంతకీ మన జంపఖానా పెద్దలు అంత జాగాలో ఏం మాట్లాడుకుంటారు? మొన్న శనివారం పొద్దున నలభై నిమిషాలు విన్నాను. మొదటాయన ఈక్వలైజర్‌లో 160 హెర్ట్జ్ దగ్గర రెండు డెసిబెల్స్ తగ్గించానన్నాడు. రెండో ఆయన అద్భుతం, ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టుందన్నాడు. మొదటాయన ఆ రెండూ మళ్ళీ పెంచి, ఇప్పుడెలా ఉందన్నాడు. ఇంకా అద్భుతం. కాఫీ తెచ్చిన మా ఆవిడ కాసేపు నిలబడి వింది.

“ఏమండీ, ఈ మైక్ టెస్టింగ్ అయ్యాక అసలు ఫంక్షన్ ఎప్పుడు మొదలవుతుంది?”

ఇదే ఫంక్షన్ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇంకో సంగతి కూడా చెప్పలేదు. ఆ గొంతులో ఠీవి వినాలంటే మన రిసీవర్ ఫిల్టర్ కూడా అంత వెడల్పున తెరవాలి. 2.4 మీద పెట్టుకున్నవాడికి ఆయనా మేనమామే.

ఆ పొద్దునే, ఆ మొదటాయనకి నాలుగు కిలోహెర్ట్జ్ పైన సన్నగా ఒక వీయూ టూ స్టేషన్, అంటే ఇండియా స్టేషన్, వినిపించింది. అక్కడ సాయంత్రం. ఇంగ్లిషులోనే పిలుస్తున్నాడు గానీ ఆ దీర్ఘాలు మనవే. కాకినాడ అన్నట్టు వినబడింది. పెద్దాయన ‘స’ అన్నప్పుడల్లా కాకినాడ మాయమవుతోంది. కాస్త ఇరుకు చేసుకుంటారా అని ఆయన్ని మర్యాదగా అడిగాను. నీ ఫిల్టరే ఇరుకు చేసుకో అన్నాడు. చెత్త మన వాకిట్లో పోసి, వాకిలి చిన్నది చేసుకోమన్నట్టు.

చివరికి ఆయన అవతలివాడికి మాట అప్పగించి ఊపిరి పీల్చుకునే సందులో నేను కాకినాడని పిలిచేశాను.

“నమస్కారమండీ న్యూజెర్సీ! తెలుగువారా? మీ పేరేంటండీ?”

నా దగ్గర పది సెకన్లు ఉన్నాయేమో. పోయిన నెలే నేనూ ఒక స్టూడియో మైకు కొన్నాను. దాంట్లో నా గొంతు ఆకాశవాణిలో వార్తలు చదువుతున్నట్టు ఉంటుందని నా నమ్మకం. బటన్ నొక్కాను.

“నా ఆడియో ఎలా ఉందండీ?”

జవాబు చెప్పే ఉంటాడు. అప్పటికి జంపఖానా మళ్ళీ పరిచేశారు.