మెత్తటి ముద్ద మెదడుకు మేలు చేయదు

మా నాయనమ్మకు డెబ్బై దాటాక దవడ పళ్లు ఒక్కొక్కటిగా తీసేశారు. కట్టుడు పళ్లు పెట్టిద్దామా అన్న మాట ఇంట్లో ఒక్కసారి వచ్చింది. "ఈ వయసులో పళ్లెందుకు, మెత్తగా చేసి పెడితే సరిపోదా" అని మావాళ్లు తేల్చేశారు. అప్పటిదాకా జొన్నరొట్టెను పచ్చి ఉల్లిపాయతో కరకరా నమిలిన మనిషి, ఆ తర్వాత పాలల్లో నానిన ఇడ్లీని, పిసికిన పెరుగన్నాన్ని నాలుకతో అంగిటికి అదిమి మింగేది. వేయించిన పల్లీల మీదికి మనసు పోతే చిన్న ఇనుప రోట్లో దంచుకునేది. మెత్తగా వండి పెట్టడమే ప్రేమ అనుకున్నాం. చివర్లో ఆమెకు వచ్చిన మతిమరుపుకు ఆ తిండే కారణమని నేను అనను. కానీ నమలడం గురించి ఇప్పుడు బయటపడుతున్నవి చదువుతుంటే, ఆ రోజు మేం ఎంత తేలిగ్గా తేల్చేశామో తలుచుకుని బాధేస్తుంది.

మెదడుకు సొంత రక్షణ దళం ఉంది. ఆ కణాలను మైక్రోగ్లియా అంటారు. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో హోర్టెగా వీటిని విడిగా గుర్తించి పేరు పెట్టాడు. జబ్బు చేసినప్పుడే లేచే కణాలని చాలాకాలం అనుకున్నారు. బతికున్న ఎలుకల మెదడులో వీటిని నేరుగా చూసిన 2005 నాటి ప్రయోగాలతో అసలు సంగతి తేలింది. ఇవి ఊరికే కూర్చోవు. సన్నటి చేతులు చాపుతూ, ముడుస్తూ చుట్టుపక్కలంతా తడుముతూనే ఉంటాయి. చెత్త ఎత్తేస్తాయి, అక్కర్లేని నాడీ బంధాలను తుంచేస్తాయి. అయితే ఎక్కువ కాలం రెచ్చిపోయి ఉంటే పనికొచ్చే బంధాలను కూడా మింగేస్తాయి. మతిమరుపు జబ్బు అల్జీమర్స్‌లో జరిగే నష్టంలో దీనికీ వాటా ఉంది.

వీటికీ పళ్లకీ ఏం సంబంధం? ఎలుకలకు అదే దాణా, అవే పోషకాలు ఇస్తూ గట్టి బిళ్లలకు బదులు పొడిగా పెడితే, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లో కొత్తగా పుట్టిన కణాలు తక్కువగా బతుకుతున్నాయి. జపాన్‌లో దవడ పళ్లు తీసేసిన ఎలుకలు పరీక్ష కోసం తొట్టి నీళ్లలో దాచిన గట్టు ఎక్కడుందో గుర్తులేక తిరిగాయి. అక్కడే 2021లో, అల్జీమర్స్ లక్షణాలు వచ్చేలా మార్చిన ఎలుకలపై వచ్చిన అధ్యయనంలో, పళ్లు పోయాక జ్ఞాపకశక్తి తగ్గడమే కాదు, మైక్రోగ్లియా సహా, నాడీకణాలకు తోడుండే గ్లియల్ కణాలు రెచ్చిపోవడం కనిపించింది.

నన్ను పట్టి లాగింది మాత్రం ఇందులోని నాడుల దారి. వేలికి తగిలిన స్పర్శను మోసే నాడీకణాలు వెన్నుపాము బయట గుత్తులుగా ఉంటాయి. ఒంట్లో ఇలాంటి కణాలన్నీ దాదాపు అలాగే మెదడుకీ వెన్నుపాముకీ బయటే ఉంటాయి. దవడ కండరాల సాగుదలను, పంటి వేళ్ల చుట్టూ పడే ఒత్తిడిని మోసే కణాల్లో ఒక గుంపు మాత్రం మెదడు కాండం లోపలే కాపురం పెట్టింది. దాని పక్కిల్లే లోకస్ సెరూలియస్. మెదడంతటికీ నోరాడ్రినలిన్ అనే సంకేత రసాయనాన్ని పంచే కేంద్రం అది. మైక్రోగ్లియాను అదుపులో ఉంచే సంకేతాల్లో నోరాడ్రినలిన్ ముఖ్యమైనదని 2019లో రెండు బృందాలు మెలకువగా ఉన్న ఎలుకల్లో చూపించాయి. ఇప్పుడు ఈ ముక్కల్ని కలిపి చూడండి. గట్టి గింజను కొరికిన ప్రతిసారీ దవడ నుంచి కబురు ఆ కేంద్రం గడప దాకా వెళుతోంది. మెత్తటి ముద్దతో ఆ కబురు పలచబడుతుంది. రోజుకు మూడు పూటలా, ఏళ్ల తరబడి.

దీన్ని ఒప్పుకోనివాళ్ల వాదనలో పస లేకపోలేదు. పళ్లు పోయేది ఎక్కువగా పేదలకి, పొగతాగేవాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి. మెదడు దెబ్బతినడానికి అవే చాలు కదా అంటారు. మతి తప్పుతున్న మనిషి పళ్లు తోముకోవడం మానేస్తాడు, కాబట్టి ఏది ముందో ఏది వెనకో తెలియదంటారు. నిజమే. కానీ ఎలుకలకు పేదరికం లేదు, బీడీ లేదు. పైగా అరగదీసిన దవడ పళ్లకు తొడుగులు వేస్తే వాటి జ్ఞాపకశక్తి కొంత కోలుకుంది.

దక్షిణ కొరియాలో 2024లో 52 మంది విద్యార్థులతో చేసిన ప్రయోగం కూడా నాకు ముఖ్యమే. కొందరు చూయింగ్ గమ్, కొందరు చెక్కపుల్ల అయిదు నిమిషాలు నమిలారు. పుల్ల నమిలినవాళ్ల మెదడులో గ్లుటాథయోన్ అనే రక్షక పదార్థం పెరిగింది. ఇది చిన్న ప్రయోగమే. అయినా వేపపుల్ల, కానుగపుల్ల నమిలి పెరిగిన మనకు అందులోని తేడా ఇట్టే అర్థమవుతుంది. గమ్ కూడా నమలడమే, కానీ పుల్ల ఎదురు తిరుగుతుంది. తేగ పీచు, చెరకు గడ, ములక్కాడ, పల్లీ పట్టీ, సజ్జరొట్టె అన్నీ అలా దవడకు ఎదురు తిరిగేవే. వాటి చోటు ఇప్పుడు మాల్టులు, జ్యూసులు, నోట్లో వేయగానే కరిగిపోయే బిస్కెట్లు ఆక్రమించాయి. ఒకే కొలత పిండితో చేసిన రాగి రొట్టెకీ రాగి జావకీ పోషకాల పట్టికలో పెద్ద తేడా కనిపించదు. ఆ పట్టికలో నమలడానికి గడి లేదు.

ఆరోగ్య విధానంలోనూ దానికి గడి లేదు. దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం, అంటే దాదాపు 88 లక్షల మంది డిమెన్షియాతో, అంటే మతి క్షీణించే జబ్బుతో ఉన్నారని అంచనా. దీనికి నివారించదగ్గ కారణాలుగా వైద్య పత్రిక లాన్సెట్ వేసిన కమిషన్ 2024లో 14 అంశాలు చెప్పింది. వినికిడి లోపం ఉంది, చూపు మందగించడం కొత్తగా చేరింది. చెవి నుంచి, కంటి నుంచి కబుర్లు ఆగిపోతే మెదడు నష్టపోతుందని ఒప్పుకున్నవాళ్లు, దవడ నుంచి ఆగిపోయే కబురును ఎన్నాళ్లు పక్కన పెడతారు? జపాన్ 1989లోనే ఎనభై ఏళ్లకు ఇరవై పళ్లు అని లక్ష్యం పెట్టుకుంది. 2016 సర్వే నాటికి ఎనభై ఏళ్లవారిలో సగం మంది దాన్ని అందుకున్నారు. మన దగ్గర చాలా బీమా పాలసీల్లో ప్రమాదం జరిగితే తప్ప పంటి వైద్యానికి చోటే లేదు. పన్ను నొప్పి అనగానే పీకించేయడం ఇంకా మామూలే. కట్టుడు పళ్లు సొంత పళ్లంత గట్టిగా కొరకలేవు, పంటి వేళ్ల దగ్గరి స్పర్శ తిరిగి రాదు. అందుకే మొదట ఉన్న పన్నును కాపాడాలి. అది పోయాకే కట్టుడు పళ్లు.

పక్షవాతంతో మింగలేనివాళ్ల సంగతి వేరు, వాళ్లకు మెత్తటి తిండే ప్రాణరక్ష. మిగతా పెద్దవాళ్ల కోసం రెండు ప్రభుత్వాలనూ గట్టిగా అడగాలి. తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కంటి వెలుగు పేరుతో ఊరూరా శిబిరాలు పెట్టి కళ్లద్దాలు ఇచ్చారు. పక్క రాష్ట్రం కర్ణాటక దంత భాగ్య పేరుతో పేద వృద్ధులకు కట్టుడు పళ్ల పథకం తెచ్చి పదేళ్లు దాటింది. దారి తెలిసిందే, శిబిరం నడిపిన అనుభవమూ ఉంది. ఈసారి అద్దాలు చూసే బల్ల పక్కన పంటి డాక్టరుకు ఒక కుర్చీ వేయండి.