పాట పెట్టిందీ వాళ్లే, పాడుకున్నదీ వాళ్లే

1995 నవంబర్ 17న మాస్కోలో ఒక వేలంపాట జరిగింది. అమ్మకానికి వచ్చింది నారిల్స్క్ నికెల్ అనే ప్రభుత్వ లోహాల కంపెనీలో 38 శాతం వాటా. సర్కారు వారి పాట 17 కోట్ల డాలర్లు. పోటీకి వచ్చిన ఒక బ్యాంకు 35.5 కోట్లు పాడింది. నీ మూలధనాన్ని మించి పాడావంటూ దాన్ని పక్కకు తోసేశారు. చివరికి 17.01 కోట్లకు వాటా ఒనెక్సిమ్ బ్యాంకుకు దక్కింది. ఆ వేలం నిర్వహించిందీ ఒనెక్సిమ్ బ్యాంకే!

సోవియట్ కూలిన తర్వాత రష్యా ఎందుకు చితికిపోయిందని అడిగితే 'షాక్ థెరపీ', అంటే ఒక్క దెబ్బతో మార్కెట్‌కు మారడం, అని ఠక్కున చెబుతారు. నేను ఒప్పుకోను. 1992 జనవరి 2న ఆర్థిక సంస్కరణలు నడిపిన ఉపప్రధాని గైదార్ ధరల మీద అదుపు ఎత్తేశాక ఏడాది తిరిగేసరికి అవి 26 రెట్లయ్యాయి, జనం దాచుకున్న డబ్బు ఆవిరైంది, నిజమే. ఆ గాయం మానేదేమో. మానని గాయం ఆస్తుల పంపకం.

ముందు వోచర్లు వచ్చాయి, ప్రభుత్వ కంపెనీల్లో షేర్లు తీసుకోవడానికి ఇచ్చిన కాగితాలు. 1992 అక్టోబర్ నుంచి పసిపిల్లలతో సహా పౌరులందరికీ తలా ఒకటి, ముఖవిలువ 10 వేల రూబుళ్లు. దానికి రెండు వోల్గా కార్లు వస్తాయన్నారు ప్రైవేటీకరణ నడిపిన మంత్రి చుబైస్. కాగితం మీద పేరు లేదు, ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే. జీతాలందక, మెట్రో స్టేషన్ల దగ్గర 'వోచర్లు కొంటాం' అనే అట్టముక్క మెడలో వేసుకుని నిలబడ్డవాళ్లకు ఎంతొస్తే అంతకు ఇచ్చేశారు జనం. ఫ్యాక్టరీలో తమ భాగాన్ని వారం రోజుల తిండికి వదులుకున్నారు.

తర్వాతి ఘట్టం తాకట్టు. ఖజానా ఖాళీ కావడంతో అధ్యక్షుడు యెల్త్‌సిన్ ప్రభుత్వం చమురు, లోహాల కంపెనీల వాటాలను కుదువ పెట్టి బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చింది. అదే బ్యాంకుల్లో సర్కారు సొమ్మూ డిపాజిట్లుగా ఉంది! అప్పు తీరలేదు, కుదువ సొత్తు విడిపించలేదు. మొదట చెప్పిన నారిల్స్క్ వేలం ఈ తాకట్టులో భాగమే. చమురు కంపెనీ సిబ్‌నెఫ్ట్‌లో 51 శాతం 10 కోట్ల డాలర్లకు పోయింది. పదేళ్లకు, 2005లో, అదే కంపెనీలో 73 శాతం వాటాకు ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గాజ్‌ప్రోమ్ 1,310 కోట్ల డాలర్లు చెల్లించి వెనక్కి కొంది.

తొందర పడకపోతే 1996 ఎన్నికల్లో కమ్యూనిస్టులు తిరిగొచ్చేవారని, మేనేజర్లు అప్పటికే ఫ్యాక్టరీలను దోచుకుంటున్నారని చుబైస్ పక్షం వాదన. దోపిడీ మాట నిజమే. అయితే పోలండ్ కూడా 1990 జనవరి 1 నుంచే ధరలు వదిలేసింది. పెద్ద ఫ్యాక్టరీలను మాత్రం ఆగి అమ్మింది. 1991 మార్చిలో షేర్ల చట్టం తెచ్చి, దానిపై ఒక కమిషన్‌ను కూర్చోబెట్టాకే, ఏప్రిల్‌లో ఐదంటే ఐదు కంపెనీలతో వార్సాలో ఎక్స్ఛేంజ్ తెరిచింది, అదీ పాత పార్టీ ప్రధాన కార్యాలయంలో. రష్యా అంపైర్ లేకుండానే ఆట మొదలుపెట్టింది. 1994కల్లా అక్కడ మగవాళ్ల సగటు ఆయుర్దాయం 58 ఏళ్ల లోపుకు పడిపోయింది.

ఇది మన గుమ్మం దాకా వచ్చే కథ. సోవియట్ సాయంతో కట్టుకున్న విశాఖ ఉక్కులో నూరు శాతం వాటా అమ్మాలని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయించింది. ఆ ప్లాంటు నిలదొక్కుకోవడానికి 2025లో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ఇచ్చింది. ప్రైవేటు పేరెత్తితేనే మండిపడేవాణ్ని కాను. కానీ ఏ ప్రభుత్వ ఆస్తిని అమ్మాలన్నా ఆ ధర ఎలా కట్టారో జనానికి ముందే చూపించాలి. దాదాపు 20 వేల ఎకరాల ఉక్కు భూమికి లెక్క కట్టేదెవరు? ఆ లెక్కల కాగితాలను, ప్లాంటుకు భూములిచ్చి ఇప్పటికీ ఆర్ కార్డులు (నిర్వాసితుల కార్డులు) పట్టుకుని తిరుగుతున్న కుటుంబాల ముందు అమ్మకానికి ముందు పెడతారా, తర్వాతా?