పదవి లేని పెద్దమనిషికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ సైకోపతి గారి సముఖానికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి.

మీ పేరు ఇప్పుడు అందరి నోళ్లలోనూ నానుతోంది. సెలవు అడిగితే ముఖం చిట్లించిన అధికారి సైకోపతి. నిశ్చితార్థం అయ్యాక మనసు మార్చుకున్నవాడు సైకోపతి. ఇచ్చిన అప్పు తిరిగి అడిగిన బంధువు కూడా, అడిగిన వేళ బాగుండకపోతే, సైకోపతే. ఇంత పలుకుబడి గలవారు ఏ కొలువులో ఉన్నారో తెలుసుకుందామని అమెరికా మానసిక వైద్యుల సంఘం వారి రోగనిర్ధారణ గ్రంథం తిరగేశాను. రుగ్మతల వరసలో మీకంటూ పద్దు లేదు. ఇతరుల హక్కులను అదేపనిగా కాలరాసేవారికి పెట్టిన సంఘ వ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మత అనే ఆయన ఉన్నారు. ఆయనకు మారుపేరుగా ఒకచోట, ఇంకా పరిశీలనలో ఉన్న విధానాల భాగంలో ఆయన పేరుకు తోకగా మరోచోట మీరు తలదాచుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లో పెట్టిన జాబితాలోనూ మీ పేరిట జబ్బేదీ లేదు. పదవి లేకుండా పెత్తనం చేసేవారిని చాలామందినే చూశాం గానీ, ఇంత దర్జాగా చేసేవారు మీరొక్కరే.

ఒకప్పుడు హోదా ఉండేది లెండి. ఇంగ్లండ్, వేల్స్‌ల కోసం 1959లో చేసిన మానసిక ఆరోగ్య చట్టంలో మీకు ప్రత్యేక వర్గమే ఉండేది. 2007 నాటి చట్టం దాన్ని ఎత్తేసింది. అంతకు చాలా ముందు, 1923లో, జర్మన్ వైద్యుడు కర్ట్ ష్నైడర్ మీ కుటుంబాన్ని పది శాఖలుగా విడదీశాడు. దిగులుతో కుంగిపోయేవారు, తమ మీద తమకే నమ్మకం లేనివారు కూడా అందులో చేరారు. ఇతరులను ఏడిపించేవారే కాదు, ఒంటరిగా కూర్చుని ఏడ్చేవారూ మీ బంధువులేనన్నమాట. ఆ బంధుత్వం తర్వాత తెంచుకున్నారు. సంతోషం.

ఈనాటి మీ రూపురేఖలు చాలావరకు 1941లో అమెరికన్ వైద్యుడు హెర్వీ క్లెక్లీ గీసినవే. ఆయన చెప్పిన 16 లక్షణాలు చదివితే మా వాడుక ఎంత తలకిందులుగా ఉందో బోధపడుతుంది. మొదటిదే పైపై ఆకర్షణ, చక్కని తెలివి. ఆ వెంటనే, భ్రమలు ఉండవు, కంగారు ఉండదు అంటాడు. అబద్ధాలు, చేసినదానికి సిగ్గూ బాధా లేకపోవడం ఆ తర్వాత వస్తాయి. మేమేమో గొంతు చించుకుని అరిచేవారికి, కోపంతో వణుకుతూ చేతికందినది విసిరేవారికి, ఎవరికీ వినపడని మాటలు తమకు వినపడుతున్నాయని బెదిరిపోయేవారికి మీ పేరు పెడుతున్నాం. ఆ చివరివారిది సైకోసిస్. ఏది నిజమో ఏది భ్రమో తేల్చుకోలేని అవస్థ అది. మీవారికి ఆ తేడా నిక్షేపంగా తెలుసు. ఎదుటివాడి బాధే ఆనదు. పేర్లలో మొదటి రెండక్షరాలు కలిసిన పాపానికి, సాయం కావలసిన రోగిని చూసి వీధి తలుపు వేసుకుంటున్నాం. క్లెక్లీ వర్ణించిన మనిషి వస్తే మాత్రం కుర్చీ వేసి కూర్చోబెట్టి, వెళ్లాక ‘ఎంత కలుపుగోలు మనిషి!’ అని మురిసిపోతాం.

మిమ్మల్ని కొలవడానికి కెనడా మనస్తత్వవేత్త రాబర్ట్ హేర్ ఒక పట్టిక తయారుచేశాడు. 1991లో సవరించి ప్రచురించిన ఆ పట్టికలో 20 అంశాలు, ఒక్కోదానికి 0, 1, 2 మార్కులు, మొత్తం 40. వేసేవారికి శిక్షణ ఉండాలి, మనిషితో గంటల తరబడి మాట్లాడాలి, దస్త్రాలు చదవాలి. దస్త్రాలు ఎందుకంటారా? ‘చేసింది తప్పే, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు’ అని ఖైదీ కళ్లు తుడుచుకున్నాడనుకోండి. వింటే, పశ్చాత్తాపం లేకపోవడమనే అంశానికి సున్నా వేయాలనిపిస్తుంది. దస్త్రం తెరిస్తే, కిందటిసారీ ఇవే కన్నీళ్లతో విడుదలై, అదే ముసలావిడ ఇంటికి వెళ్లి మిగిలిన సొమ్మూ కాజేసినట్టు ఉంటుంది. అప్పుడు పడతాయి రెండు మార్కులు. మేం ఆ 20లో నచ్చిన నాలుగు ఏరుకుని, ‘మీ భాగస్వామి సైకోపతా? అర నిమిషంలో తెలుసుకోండి’ అని ఫోన్లలో పంచుకుంటాం. షరతులతో విడుదలై ఆ షరతులు తప్పడం అనే అంశం కూడా ఒకటుంది; భాగస్వామికి అందులో మార్కులు ఎలా వేయాలో మాత్రం పాపం ఎవరూ చెప్పరు.

40కి 30 వస్తే ఉత్తర అమెరికాలో మీ బిరుదు ఖాయం. బ్రిటన్‌లో చాలాచోట్ల 25 చాలు. 27 వచ్చినవాడు అమెరికాలో విమానం ఎక్కేటప్పుడు మామూలు నేరగాడు, బ్రిటన్‌లో దిగేటప్పుడు సైకోపతి.

శిక్షణ పొందినవారి తక్కెడ కూడా నిలకడగా ఉండదు. అమెరికా కోర్టు కేసులను పరిశోధకులు పరిశీలిస్తే, ప్రభుత్వం తరఫున వచ్చిన నిపుణులు వేసిన మార్కులు, అదే మనిషికి ఎదుటి పక్షం నిపుణులు వేసినవాటికంటే ఎక్కువగా తేలాయి. ఫీజు ఎటు నుంచి వస్తే మనసు అటు మొగ్గుతుంది కాబోలు. మాకు ఆ చిక్కు లేదు. ఫిర్యాదు మాదే, సాక్ష్యం మాదే, తీర్పూ మాదే. ఫీజు ప్రసక్తే లేదు. అవతలివారిని పిలిచి ఒక మాట అడిగే శ్రమ కూడా పెట్టుకోం.

ఇట్లు,
మీ విధేయురాలు