డీసీ గేటు మూసుకుని కూర్చున్న కెపాసిటర్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కెపాసిటర్ గారికి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, అంటే ప్రస్తుతానికి వేళ్ళన్నీ ఉన్నాయి, తమరు కూడా పైన మూత ఉబ్బకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

విషయానికొస్తే, ఇంటర్ సెకండియర్లో తమరి గురించి మా బుర్రల్లో మిగిలేది ఒక్కటే ముక్క, ఛార్జ్ దాచుకునే కెపాసిటర్ డీసీని, అంటే ఒకే వైపు పారే కరెంటుని, ఆపేస్తుంది, అంతే. ఎంసెట్ (ఇప్పుడు పేరు ఈఏపీసెట్ లెండి) పేపర్లో సర్క్యూట్ బొమ్మ కింద స్టెడీ స్టేట్, అంటే అన్నీ కుదురుకున్న స్థితి, అన్న మాట కనపడితే చాలు, పిల్లలు తమరున్న బ్రాంచ్ మీద అడ్డంగా గీత కొట్టేసి, అక్కడ కరెంటు సున్నా అని రాసుకుని, మిగతా రెసిస్టర్లతో చకచకా లెక్క చేసుకుపోతారు. ఆన్సర్ వస్తుంది, మార్కు పడుతుంది, తప్పేం లేదు. కానీ ఆ స్టెడీ స్టేట్ వచ్చేలోపు తమరు ఏం నడిపించారు, వచ్చాక తమరి కడుపులో ఏం దాచుకున్నారు అని ఒక్కళ్ళూ అడగరు. నా గొడవంతా ఆ రెండింటి గురించే.

మొదటి సంగతి చూద్దాం. 9 వోల్ట్ల బ్యాటరీ, 10 కిలో ఓమ్స్ రెసిస్టర్, దాని వెనకాల 1000 మైక్రోఫారడ్ హోదాలో తమరు. వైరు తగిలించిన క్షణం తమరి మీద వోల్టేజ్ సున్నా, అంటే అచ్చం వైరు ముక్కలా నటిస్తారు, కరెంటు 0.9 మిల్లీఆంప్స్ రయ్యిన వస్తుంది. మల్టీమీటర్ పెట్టి చూస్తుంటే 10 సెకండ్లకి 5.7 వోల్ట్లు, 20కి 7.8, 30కి 8.55, ఇక అక్కణ్ణుంచి నత్త నడక, 50 సెకండ్లకి 8.94 దగ్గర అంకెలు కదలనా వద్దా అన్నట్టు ఊగుతాయి. పెళ్ళి భోజనంలో కొందరుంటారు చూడండి, మొదటి వడ్డనకి అన్నీ వేయించుకుని, తర్వాత వచ్చిన ప్రతిసారీ విస్తట్లో మిగిలిన ఖాళీలో కొంచెం మాత్రమే వేయించుకుంటూ, చాలు అని మాత్రం చచ్చినా అనరు, తమరిదీ అదే వరస. ప్రతి టైమ్ కాన్‌స్టంట్‌కీ, అంటే రెసిస్టెన్స్‌ని కెపాసిటెన్స్‌తో గుణిస్తే వచ్చే సమయానికి, ఇక్కడ 10 సెకండ్లకి, మిగిలిన ఖాళీలో 63 శాతం నింపుతారు. లెక్క ప్రకారం చూస్తే ఎప్పటికీ పూర్తిగా నిండరు. ఇంజనీర్లే విసుగొచ్చి, ఐదు టైమ్ కాన్‌స్టంట్లు అయ్యాయి కదా, 99.3 శాతం వచ్చింది, ఇంక నిండినట్టే అని రాసేసుకున్నారు, రెసిస్టెన్స్‌ని కెపాసిటెన్స్‌తో గుణించుకుని ఐదింతలు చెయ్యడం, పనైపోయిందనుకోవడం.

మధ్యలో రెసిస్టర్ అనేవాడు ఉన్నాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే తమరి ఆకలికి అడ్డేది? లాప్‌టాప్ ఛార్జర్ని సాకెట్లో పెట్టగానే లోపల టప్ మని నీలం మెరుపు వస్తుందే, అది ఖాళీ కడుపుతో ఉన్న తమరి పనే. ఆ ఒక్క క్షణం కోసం పవర్ సప్లై తయారుచేసేవాళ్ళు ఇన్‌పుట్ దగ్గర ఎన్‌టీసీ థర్మిస్టర్ అని నల్ల బిళ్ళ ఒకటి పెట్టాల్సొస్తుంది, చల్లగా ఉన్నప్పుడు అడ్డుకుంటుంది, వేడెక్కాక దారిస్తుంది. దాని ఖర్చు కూడా మా ఖాతాలోనే.

ఇంకో ఘోరం చెప్పనా. పైన చెప్పిన లెక్కలో తమరు నిండేసరికి బ్యాటరీ ఇచ్చిన ఎనర్జీ 81 మిల్లీజౌల్స్, తమరి దగ్గర మిగిలింది 40.5. మిగతా సగం రెసిస్టర్లో వేడి కింద పోయింది. సరే రెసిస్టర్ తగ్గిద్దాం అని 10 కిలో తీసి 10 ఓమ్స్ పెట్టినా అదే సగం, తొందరగా పోతుంది అంతే తేడా. ఫిక్స్‌డ్ వోల్టేజ్ నుంచి రెసిస్టర్ గుండా తమరిని ఖాళీ నుంచి నింపితే సగానికి సగం కమీషన్, రెసిస్టర్ ఎంతైనా రేటు మారదు. ఇంత నిక్కచ్చిగా కమీషన్ కొట్టే ఆఫీసు ఇంకోటి నాకు తెలీదు.

పైగా డీసీతో నాకేం సంబంధం అన్నట్టు ఆ మొహం ఒకటి. అయ్యా, తమరు పుట్టిందే అక్కడ. 1745లో జర్మనీ వైపు క్లైస్ట్ చేతిలో, కొన్ని నెలల తేడాలో హాలండ్ లైడెన్ ఊళ్ళో ముషెన్‌బ్రూక్ దగ్గర, గాజు సీసా రూపంలో తమరు అవతరించినప్పుడు ఏసీ సప్లై సంగతి దేవుడెరుగు, వోల్టా బ్యాటరీయే 1800 దాకా లేదు, గాజుని రాపిడి చేసి ఒకే వైపు ఛార్జ్ ఎక్కించారు. పుట్టిన వెంటనే తమరు చేసిన ఘనకార్యం ఏంటయ్యా అంటే పెంచి పోషించిన మనిషికే షాక్ కొట్టడం. ఫ్రాన్సు రాజ్యం మొత్తం ఇస్తానన్నా ఇంకోసారి ఆ సీసా ముట్టుకోనని ముషెన్‌బ్రూక్ ఉత్తరం రాసుకున్నాడు పాపం.

ఇక్కడికి వచ్చాం కాబట్టి రెండో సంగతి. స్టెడీ స్టేట్‌లో కరెంటు సున్నా అని రాశాం కదా, కరెంటు సున్నా అంటే ఛార్జ్ సున్నా కాదు మహాప్రభో, ఆ ముక్కే రిపేర్ బెంచీ మీద చేతులు కాలుస్తుంది. మన ఇళ్ళల్లో 230 వోల్ట్ల ఏసీ రెక్టిఫై అయ్యి, అంటే డీసీగా మారి, తమరి మీదకి వచ్చేసరికి పీక్ 325. ప్లగ్ పీకేశాం, ఫ్యాన్ ఆగింది, స్క్రూలు విప్పాం, అంతా ప్రశాంతం, 450 వోల్ట్ల దాకా తట్టుకునే ఆ 220 మైక్రోఫారడ్ డబ్బా మాత్రం లోపల 11 జౌల్స్ పైచిలుకు పెట్టుకుని అమాయకంగా నిలబడి ఉంటుంది. మొహం మీద చిన్న ఎల్ఈడీ అయినా ఉండదు. తమరి పక్కన సర్క్యూట్ బతికి ఉంటే కాసేపట్లో తాగేస్తుంది, అడాప్టర్ స్విచ్ ఆపాక ఎల్ఈడీ ఒక్కసారిగా ఆరకుండా మెల్లగా మసకబారి పోయేది అందుకే. కానీ సర్క్యూట్ పాడైతేనే కదా మేం విప్పేది! చచ్చిన బోర్డులో తమరిని ఖాళీ చేసేవాడు ఉండడు, ఛార్జ్‌ని మెల్లగా కార్చేసే బ్లీడర్ రెసిస్టర్ పెట్టి ఉంటే అదృష్టం, రూపాయి మిగుల్చుకుందామని అది పీకేసిన డిజైన్ అయితే ఇక మా ఇంటి దేవుడే దిక్కు.

కొందరు స్క్రూడ్రైవర్‌తో రెండు కాళ్ళూ కలిపేసి ఠాప్ మనిపిస్తారు, స్క్రూడ్రైవర్ మొన కరిగి గుంట పడుతుంది, తమరి ఆరోగ్యానికీ మంచిది కాదు. నేను 2.2 కిలో ఓమ్స్ 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్‌కి ఇన్సులేషన్ ఉన్న ప్రోబులు కట్టి పెట్టుకున్నా, రెండున్నర సెకండ్లు ఆనిస్తే ఒకటి రెండు శాతం లోపుకి దిగుతుంది, అయినా మీటర్ పెట్టి చూడకుండా వేలు పెట్టను. ఎందుకంటే తమరికి ఇంకో బుద్ధుంది, పూర్తిగా ఖాళీ చేసి కాళ్ళు వదిలేస్తే కాసేపటికి మళ్ళీ కొంత వోల్టేజ్ తనంతట తనే లేచి కూర్చుంటుంది, డైఎలక్ట్రిక్‌లో, అంటే తమరి రెండు పలకల మధ్య ఉన్న ఇన్సులేటర్‌లో, ఇంకిపోయిన ఛార్జ్ మెల్లగా బయటికొస్తుందన్నమాట. హై వోల్టేజ్ పెద్ద కెపాసిటర్లని గోడౌన్‌లో పెట్టినప్పుడు కూడా రెండు టెర్మినల్స్‌కి వైరు చుట్టి ఉంచేది ఆ భయంతోనే. పాత డబ్బా టీవీ పిక్చర్ ట్యూబ్ కూడా తమరి వంశమే, మధ్యలో గాజు, లోపలా బయటా పూత, అచ్చు తాతగారి సీసా పోలికలే. కలర్ టీవీ అయితే 20 వేల వోల్ట్ల పైనే, మెకానిక్కులు చాసిస్‌కి వైరు కట్టిన స్క్రూడ్రైవర్‌ని ట్యూబ్ మీదున్న రబ్బరు మూత కిందకి దూర్చేటప్పుడు ఇంకో చెయ్యి జేబులో పెట్టుకునేవాళ్ళు.

పోనీ డీసీని ఆపేస్తానన్న మాటైనా నిలబెట్టుకున్నారా అంటే అదీ లేదు. ఎలక్ట్రోలైటిక్ అవతారంలో, అంటే ఆ అల్యూమినియం డబ్బా రూపంలో, లీకేజ్ కరెంటు కారుతూనే ఉంటుంది. ఇద్దరిని సిరీస్‌లో పెట్టి పెద్ద డీసీ ఇస్తే, కొంతసేపటికి వోల్టేజ్ పంపకం కెపాసిటెన్స్‌ని బట్టి కాకుండా ఎవరు తక్కువ కారుతున్నారో వాళ్ళ నెత్తిన ఎక్కువ పడుతుంది, నిజాయితీపరుడే పేలిపోతాడు, అందుకని ఇద్దరికీ సమానంగా బ్యాలెన్సింగ్ రెసిస్టర్లు మేం కట్టాలి. ఇక సిరామిక్ చిప్ తమ్ముళ్ళు, ఎక్స్5ఆర్, ఎక్స్7ఆర్ అని కోడ్ పేర్లున్న సిరామిక్ రకాల బ్యాచ్, ఒంటి మీద పేరు కూడా ఉండదు, రీలు మీద 10 మైక్రోఫారడ్ అని ఉంటుంది, రేటెడ్ వోల్టేజ్‌కి దగ్గరగా డీసీ పెట్టి కొలిస్తే చిన్న సైజు వాటిల్లో సగం కూడా మిగలకపోవచ్చు. ఎన్‌పీ0 అనే ఇంకో సిరామిక్ రకం వాడు బుద్ధిమంతుడు, కానీ వాడు ఆ సైజులో అంత విలువలో దొరకడు.

అన్నిటికంటే నాకు కాలేది మాత్రం గీత విషయంలో. అల్యూమినియం డబ్బా మీద గీత ఉన్న కాలు నెగటివ్. టాంటలమ్ అనే లోహంతో చేసిన కెపాసిటర్ బిళ్ళ మీద గీత ఉన్న వైపు పాజిటివ్. ఒకే కుటుంబం, ఒకే బోర్డు, ఒకే గీత, రెండర్థాలు! డీసీలో తిరగేసి పెడితే డబ్బా వాడు వేడెక్కి, గ్యాస్ పట్టి, నెత్తి మీద గాట్లు పెట్టి ఉంచిన చోట చీలి కంపు కొడతాడు, టాంటలమ్ వాడైతే ఏకంగా మండుతాడు. కొత్తవి అయితే పొడుగు కాలు పాజిటివ్ అని చూసుకోవచ్చు, కాళ్ళు కత్తిరించిన పాత సరుకు సంగతేంటి? తమరూ తమరూ కూర్చుని మాట్లాడుకుని గీత ఏదో ఒక వైపుకి ఖాయం చేసేదాకా కొత్తగా సోల్డర్ చేసిన బోర్డుకి మొదటిసారి పవర్ ఇచ్చేటప్పుడు నేను మొహం పక్కకి తిప్పుకునే ఇస్తాను, తమరు ఏమీ అనుకోవద్దు.

ఇట్లు,
కళ్ళజోడు పెట్టుకుని మరీ రాస్తున్న
ఒక బెంచీ మనిషి