ఆర్మీ సప్లై ఉద్యోగాలు: మనవాళ్లు చిన్నచూపు చూసే దారి, అందులో నాలుగేళ్ల మెలిక

శ్రీకాకుళం, విజయనగరం, ప్రకాశం జిల్లాల్లో తెల్లారకముందే కాలేజీ గ్రౌండ్‌లో పరుగెత్తే కుర్రాళ్లని ఏ పోస్టుకి ప్రిపేర్ అవుతున్నారని అడిగి చూడండి. దాదాపు అందరూ జీడీ అంటారు. జీడీ అంటే జనరల్ డ్యూటీ, వాళ్ల మనసులో మాత్రం తుపాకీ పట్టుకుని బోర్డర్‌లో నిలబడటం. స్టోర్ కీపర్ టెక్నికల్, డ్రైవర్ లాంటివి పరుగులో వెనకబడినవాడికో, లెక్కల్లో మంచి మార్కులొచ్చినవాడికో అన్నట్టు మాట్లాడతారు. ఊళ్లో కూడా అంతే, "మావాడు సప్లైలో చేస్తున్నాడు" అని చెప్పే తండ్రి గొంతు కాస్త తగ్గుతుంది. ఈ చిన్నచూపు నాకు అసలు అర్థం కాదు. ఆర్మీలో నేర్చుకున్న పని బయటికొచ్చాక కూడా అన్నం పెట్టే కోర్ (ఒక్కో రకం పనికి ఉండే ఆర్మీ విభాగం) ఏదైనా ఉందంటే మొదట చెప్పుకోవాల్సింది ఇదే. కాకపోతే కుర్రాళ్లని నాలుగేళ్లకే చేర్చుకునే అగ్నిపథ్ పథకం వచ్చాక ఇందులో ఒక మెలిక పడింది, దాని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు.

ముందు పని సంగతి. 1999లో కార్గిల్‌లో జరిగిన గొడవంతా దేనికోసం? శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే రోడ్డు కోసం. టోలోలింగ్ మీద, టైగర్ హిల్ మీద కూర్చున్న పాకిస్తాన్‌వాళ్లకి ద్రాస్ దగ్గర ఆ రోడ్డు కిందనే కనబడుతుంది, దాని మీద వెళ్లే ఆర్మీ లారీలని గుండ్లతో కొట్టొచ్చు. ఆ రోడ్డు తెగితే లద్దాఖ్‌లో ఉన్న సైన్యానికి రేషన్, కిరోసిన్, గుండ్లు అందడం చాలా కష్టమవుతుంది. శిఖరాలు ఎక్కినవాళ్ల పేర్లు మనకి తెలుసు, తెలియాలి కూడా. రాత్రిపూట హెడ్‌లైట్లు ఆర్పేసి అదే రోడ్డు మీద గుండ్లు మోసిన డ్రైవర్ల పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు.

మామూలు రోజుల్లో కూడా అక్కడ పని తేలిక కాదు. జోజిలా కనుమ సుమారు 11,500 అడుగుల ఎత్తులో ఉంటుంది, మంచు పడితే మూతపడుతుంది. ఒకప్పుడు నెలల తరబడి మూసే ఉండేది, ఈమధ్య బోర్డర్ రోడ్స్ వాళ్లు బాగా తగ్గించారు, 2025లో 32 రోజులకే మళ్లీ తెరిచారు. అయినా చలికాలానికి సరిపడా సరుకంతా వేసవిలోనే పైకి చేర్చాలి. దీన్నే అడ్వాన్స్ వింటర్ స్టాకింగ్ అంటారు. ఎంత మంది ఉంటారు, ఒక్కొక్కరికి రోజుకి ఎంత పిండి, ఎంత పప్పు, బుఖారీలకి (గది వేడి చేసే పొయ్యిలకి) ఎంత కిరోసిన్, ఎన్ని గాడీలు, ఏ ట్రాన్సిట్ క్యాంప్‌లో ఏ రాత్రి ఆగాలి, అన్నీ ముందే తేలాలి. అక్కడి చలికి మామూలు డీజిల్ గడ్డకడుతుంది. మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని వింటర్ గ్రేడ్ డీజిల్‌ని ఇండియన్ ఆయిల్ లద్దాఖ్‌కి తెచ్చింది 2019లో. దానికి ముందు ఏళ్లలో ఇంజన్ స్టార్ట్ చేయడానికే డ్రైవర్లు పడ్డ అవస్థ ఎలాంటిదో ఊహించుకోండి. 2020లో గల్వాన్‌లో సూర్యాపేటకి చెందిన కల్నల్ సంతోష్ బాబుతో సహా 20 మంది చనిపోయాక, 68 వేల మందికి పైగా సైనికుల్ని, 90 దాకా ట్యాంకుల్ని విమానాల్లో లద్దాఖ్ చేర్చారని 2023లో వార్తలొచ్చాయి. అంతమంది అక్కడే చలికాలం గడిపారంటే, వెనక ఎవరో లెక్క తప్పకుండా చూసుకున్నారనే అర్థం.

ఇది సేఫ్ ఉద్యోగం అనుకోవడం కూడా పొరపాటే. 2016 మే నెలాఖరున మహారాష్ట్రలోని పుల్గావ్ ఆయుధ డిపోలో మంటలు చెలరేగి, అక్కడ పనిచేసేవాళ్లు, మంటలార్పడానికి వెళ్లినవాళ్లు చనిపోయారు. అదే ఏడాది జూలై 22న చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్ బయల్దేరిన ఏఎన్-32 రవాణా విమానం 29 మందితో బంగాళాఖాతంలో మాయమైంది. అందులో విశాఖ నేవీ ఆయుధ డిపో ఉద్యోగులు కూడా ఉన్నారు. ఆ శకలాలు సముద్రం అడుగున కనబడింది 2024లో, దాదాపు ఏడున్నరేళ్ల తర్వాత. యుద్ధం లేదు, శత్రువు లేడు, మామూలుగా తిరిగే సర్వీసు విమానం అది.

ఈ పనులు రెండు పెద్ద కోర్‌ల చేతిలో ఉంటాయి. రేషన్, ఇంధనం, లారీలు, కంచరగాడిదలు, విమానం నుంచి పారాచూట్‌తో సరుకు జారవిడవడం, ఇవి ఆర్మీ సర్వీస్ కోర్‌వి, సెంటర్ బెంగళూరులో. (కంచరగాడిదలంటే నవ్వకండి. 1971 యుద్ధంలో పాకిస్తాన్‌వాళ్లకి దొరికిన పెడోంగి అనే ఆడ కంచరగాడిద వీపు మీద మెషిన్‌గన్‌తో సహా తప్పించుకుని మన వైపు వచ్చేసింది, ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి డ్యూటీ చేసింది.) ఆయుధాలు, గుండ్లు, బట్టలు, విడిభాగాలు ఆర్డ్‌నెన్స్ కోర్‌వి, దాని సెంటర్ మన సికింద్రాబాద్‌లోనే, తిరుమలగిరి వైపు. హైదరాబాద్‌లో ఉంటూ రోజూ ఆ గోడల పక్కనుంచి వెళ్లేవాళ్లకి కూడా లోపల ఏం నేర్పిస్తారో తెలియదు. ఇంటర్‌లో మొత్తం మీద 60 శాతం, ఇంగ్లిష్‌తో పాటు లెక్కల్లోనో అకౌంట్స్‌లోనో కలుపుకుని ప్రతి సబ్జెక్టులోనూ కనీసం 50 శాతం ఉంటే స్టోర్ కీపర్ పోస్టుకి అప్లై చేసుకోవచ్చు. లక్షల రకాల వస్తువుల్లో ఏది ఎక్కడుంది, ఏది ఎప్పుడు పాడవుతుంది, ఏది ముందు పంపాలి అని చూసే పని అది. బయట వేర్‌హౌస్ కంపెనీలు మనుషుల కోసం వెతుక్కునేది కూడా దీనికే.

ఇప్పుడు మెలిక. 2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించారు, మూడు రోజులకే సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు పెట్టెలు తగలబడ్డాయి, ఒక కుర్రాడు కాల్పుల్లో చనిపోయాడు. ఆ గొడవంతా పెన్షన్ చుట్టూ, పర్మనెంట్ ఉద్యోగం చుట్టూ తిరిగింది, అందులో న్యాయం ఉంది. కానీ నాలుగేళ్లలో ఏ పని ఎంతవరకు వస్తుంది అన్న ప్రశ్న ఆ పొగలో కనబడకుండా పోయింది. లెక్క వేయండి. ట్రైనింగ్‌కి ఆరేడు నెలలు పోతాయి, ఏటా 30 రోజుల లీవ్ పోతుంది, మిగిలేది మూడేళ్ల చిల్లర. కొండ రోడ్డు మీద కాన్వాయ్ డ్రైవర్‌కి అవి మూడు సీజన్లు. మొదటి సీజన్ పక్కన సీనియర్ కూర్చుంటేనే గడుస్తుంది. మంచు గడ్డకట్టిన వంపులో లోడు బండి బ్రేకు ఎంత నొక్కాలో పుస్తకంలో రాసి ఉండదు. వాడికి చేయి తిరిగే సమయానికి నలుగురిలో ముగ్గుర్ని ఇంటికి పంపేస్తారు. ఇందులో కుర్రాడికి ఎంత నష్టమో ఆర్మీకీ అంతే నష్టం. ఉంచుకునే 25 శాతాన్ని పెంచాలన్న చర్చ నడుస్తోంది, పెంచితే మొదట డ్రైవర్లకీ స్టోర్ కీపర్లకీ పెంచాలని నా వాదన. అన్ని ట్రేడ్‌లకీ ఒకే శాతం అనడంలోనే తప్పుంది.

బయటికొచ్చాక ఇంకో చిక్కు. ఆర్మీ ఇచ్చే డ్రైవింగ్ లైసెన్స్ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 18 కిందిది, కేంద్ర ప్రభుత్వ బండ్లకే చెల్లుతుంది. ఆర్మీ స్టాలియన్ లారీని జోజిలా దాటించినవాడైనా విశాఖ పోర్టులో ట్రైలర్ ఎక్కాలంటే ఆర్టీఏ ఆఫీసుకి వెళ్లి సివిల్ లైసెన్స్ తీసుకోవాల్సిందే. రూల్ ప్రకారం ఆర్మీ అనుభవానికి విలువ ఉంది, కౌంటర్ దగ్గర ఉన్న గుమస్తాకి ఆ రూల్ తెలిస్తే అదృష్టం. అగ్నిపథ్ కింద నాలుగేళ్లు చేసి వచ్చిన అగ్నివీర్‌కి మాజీ సైనికుడి హోదా కూడా లేదు. కాబట్టి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు, మాజీ సైనికులకి బొగ్గు రవాణా టిప్పర్లు ఇప్పించే స్కీములు, ఇవేవీ వాళ్లకోసం పెట్టినవి కావు. నాలుగేళ్లు నిండాక ఇచ్చే సేవా నిధి కింద 10 లక్షల పైచిలుకు చేతికొస్తుంది, నిజమే. దాంతో సొంతంగా లారీ కొందామనుకునే కుర్రాళ్లు తప్పకుండా ఉంటారు. ఫైనాన్స్ మీద లారీ కొని, కిరాయి దొరక్క, కిస్తీలు కట్టలేక అమ్ముకున్నవాళ్లని మన ఊళ్లలో చూస్తూనే ఉన్నాం. నా మటుకు నేనైతే ఆ పని చేయమని చెప్పను.

ఇంకోపక్క పని కూడా మారుతోంది. 2025 సెప్టెంబర్‌లో ఆర్మీ చలికాలపు సరుకు మోసుకుని మొదటిసారి రైలు అనంత్‌నాగ్ చేరింది, 753 టన్నులు. తిరుగు ప్రయాణంలో కశ్మీర్ యాపిల్స్ వేసుకొచ్చారు. ఖాళీ బండి వెనక్కి రాకూడదన్న లారీ ఓనర్ల లెక్కే అది, ఆర్మీకి కూడా పట్టింది, సంతోషం. జోజిలా కింద సొరంగం తవ్వుతున్నది హైదరాబాద్‌కి చెందిన మేఘా కంపెనీ. అది పూర్తయితే ఏడాది పొడవునా రోడ్డు తెరిచి ఉంటుంది. కార్గో విమానాలు కూడా మారుతున్నాయి, వైమానిక దళం కొంటున్న 56 సీ-295 రవాణా విమానాల్లో 40 వడోదరలోనే తయారవుతాయి. వీటన్నిటితో స్టీరింగ్ పని కొంత తగ్గొచ్చు, ప్లాన్ చేసే పని, కంప్యూటర్‌లో స్టాక్ చూసే పని పెరుగుతుంది. ఇంటర్ చదివిన మన పిల్లలకి అది మంచి అవకాశం. అమ్మాయిలకి ఆఫీసర్‌గా వెళ్లే దారి ఉంది, 1992లో ఆర్మీ మొదటిసారి మహిళా ఆఫీసర్లని తీసుకున్న విభాగాల్లో ఈ రెండు కోర్‌లూ ఉన్నాయి.

తొలి అగ్నివీర్ బ్యాచ్‌ల నాలుగేళ్లు 2026 చివర్లో, 2027 మొదట్లో నిండుతాయి. రెండు తెలుగు రాష్ట్రాలు చేయాల్సింది పెద్ద ఖర్చు పని కూడా కాదు. ఆర్మీ డ్రైవర్లకి నేరుగా హెవీ లైసెన్స్ ఇచ్చేలా ఆర్టీఏలకి ఒక ఉత్తర్వు, స్టోర్ కీపర్ అనుభవాన్ని గుర్తించమని పోర్టులకి, సివిల్ సప్లైస్ గోడౌన్లకి, ఆర్టీసీకి ఇంకో ఉత్తర్వు. ఇక ఇప్పుడు సర్వీసులో ఉన్న కుర్రాళ్లు ప్రభుత్వం కోసం ఎదురుచూడొద్దు. లీవ్‌లో ఇంటికొచ్చినప్పుడే ఆర్టీఏ పని మొదలుపెట్టండి, యూనిట్‌లో ఏ బండి ఎన్నాళ్లు నడిపారో, ఏ స్టోర్ చూశారో అడిగి రాయించుకోండి. డిశ్చార్జ్ అయ్యాక ఆ కాగితం కోసం పాత యూనిట్‌కి ఉత్తరాలు రాస్తూ కూర్చుంటే నెలలు పడుతుంది.